హాన్సెల్–గ్రెటెల్ ఒపేరా: ఆ అన్నాచెల్లెళ్ల పాత్రలు పిల్లలే పాడాలా?

ముందువరుస:
జర్మన్ స్వరకర్త హంపర్‌డింక్ ఒపేరా ‘హాన్సెల్ ఉండ్ గ్రేటెల్’ గురించి ఈ చర్చ. అడవిలో దారితప్పి మంత్రగత్తె చేతిలో పడ్డ అన్నాచెల్లెళ్ల కథ గ్రిమ్ సోదరులది, లిబ్రెటో (పాటలూ మాటలూ) హంపర్‌డింక్ చెల్లెలు అడెల్‌హైడ్ వెట్టెది. క్రిస్మస్ రోజుల్లో జర్మనీలో ఏ ఊళ్లో చూసినా ఇదే. పోస్టర్ మీద ‘పిల్లల ఒపేరా’ అని ఉంటుంది. తెర లేస్తే హాన్సెల్‌గా నిక్కరు తొడుక్కున్న మెజ్జో సొప్రానో (మధ్యస్థాయి ఆడగొంతు గాయని), గ్రెటెల్‌గా రెండు జడలేసుకున్న ఇంకో పెద్దావిడ! ఇది పుట్టిందే 1890లో, మేనకోడళ్ల ఇంటి నాటకానికి కట్టిన పాటలుగా. గంటకు కుదించి, పియానో పెట్టి, పన్నెండేళ్ల పిల్లల చేత పాడిస్తే పుట్టింటికి చేరినట్టే కదా? కాదనేవాళ్లు కారణం చెప్పండి.

కొమ్ముబూర:
పుట్టిల్లు అదే, కానీ పెరిగింది వేరేచోట. 1893 డిసెంబరు 23న జర్మనీలోని వైమార్‌లో స్వరకర్త రిచర్డ్ స్ట్రౌస్ కండక్టర్‌గా మొదటిసారి ఆడేనాటికి అది 4 హారన్లు, 3 ట్రాంబోన్లు, ట్యూబా లాంటి ఇత్తడి బూరలున్న నిండు ఆర్కెస్ట్రా. బైరాయిట్‌లో భారీ ఒపేరాల స్వరకర్త వాగ్నర్ దగ్గర, ఆయన ‘పార్సిఫాల్’ ఒపేరా పనిలో ఉండివచ్చిన మనిషి హంపర్‌డింక్, ఆ చేతివాటం ఎక్కడికి పోతుంది? గొంతు జోలపాటంత చిన్న రాగం పాడుతుంటే కింద వాద్యాలు ఇంకో రెండు రాగాలు అల్లుతుంటాయి. మైకు లేకుండా దాన్ని దాటి వినిపించాలంటే పన్నెండేళ్ల గొంతు అరవాల్సిందే. మొదటి అంకం ఎలాగో గట్టెక్కుతుంది, రెండో అంకానికి బొంగురుపోతుంది. మొత్తం సుమారు గంటా ముప్పావు సంగీతం. మొదటి అంకం చివర అమ్మానాన్నల ఘట్టం, అడవిలో నిద్రపోయే చోటు లాంటివి తప్ప ఆ ఇద్దరికీ పెద్దగా విశ్రాంతి లేదు.

పియానో సంగతి. రెండో అంకం చివర పిల్లలు అడవిలో నిద్రపోయాక దేవదూతలు దిగివచ్చే మూకాభినయం ఉంది. దాదాపు 5 నిమిషాలు, ఒక్క మాట ఉండదు, శబ్దం మెల్లగా ఉబ్బుతూ పోవాలి. పియానో స్వరం మీటిన క్షణం నుంచే తగ్గుతుంది, దాన్ని పట్టుకుని పెంచలేం. కుదించాలనుకుంటే వాద్యానికొకరు చొప్పున 12–14 మందిని పెట్టుకోండి. అందులో హారన్ మాత్రం తీసెయ్యొద్దు, నాంది మొదలయ్యేదే హారన్ల మీద, పిల్లలు నిద్రకు ముందు పాడే ప్రార్థన రాగంతో.

తెరవెనక:
అసలు పిల్లల కోసమే రాసిన చోటు ఒకటుంది. ముఖ్యపాత్రల గొడవలో పడి అందరూ దాన్ని వదిలేస్తారు. మూడో అంకంలో మంత్రగత్తె పొయ్యిలో పడి, పొయ్యి పేలాక, కంచెలా నిలబడ్డ జింజర్‌బ్రెడ్ (అల్లం రొట్టె) బొమ్మలు పిల్లలుగా మారతాయి. వాళ్లు మొదట పాడేది కళ్లు మూసుకుని. గ్రెటెల్ తాకితే కళ్లు తెరుచుకుంటాయి, హాన్సెల్ మంత్రం చదివితే ఒళ్లు కదులుతుంది. కళ్లు మూసుకున్న పిల్లలకు కండక్టర్ చెయ్యి ఎలా కనిపిస్తుంది? సగంమంది ముందు, సగంమంది వెనక అందుకుంటారు. అప్పటిదాకా బాగా నడిచిన ప్రదర్శన అక్కడే జావగారిపోతుంది. విరుగుడు సులువే. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడాలి, చూడ్డానికి కంచెలాగే ఉంటుంది. అంచున ప్రేక్షకులకు చెంప మాత్రమే కనిపించేలా నిలబెట్టిన పిల్ల కళ్లు తెరిచి ఉంచి, అందుకునే ముందు చెయ్యి నొక్కాలి. నొక్కు వరస చివరికి చేరడానికి సమయం పడుతుంది కాబట్టి 6–7 మందికి ఒకరు చొప్పున అలాంటి పిల్లలుండాలి.

ఇంకోటి, పొగ. పేలుడుకని వదిలిన పొగ నేరుగా ఈ పిల్లల గొంతుల్లోకే పోతుంది, మొదటి పదానికే దగ్గు. పొయ్యి లోపల ఎర్రదీపం, ఉరుము శబ్దం చాలు. పొగ కావాల్సిందేనంటే తక్కువగా, పిల్లలు లేని వైపుకి వదలండి.

పల్లవిచరణం:
విదేశాల్లో మన పిల్లల చేత తెలుగులో పాడించాలనుకునేవాళ్లకు ఒక మాట. సాయంకాల ప్రార్థనలో జర్మన్ వరసకు 7 అక్షరాలు. మొదటి వరసకు ‘నిద్దుర పోయే వేళ’ అతుకుతుంది. రెండోదాంట్లో 14 మంది దేవదూతలు చుట్టూ నిలబడాలి. ‘పద్నాలుగురు దేవదూతలు’ అనేసరికే 10 అక్షరాలు, ఇంకా క్రియ రానే లేదు! ‘ఏడు జంటల దూతలు’ అంటే 8. ఒక స్వరాన్ని రెండుగా విడగొడితే సరి. అర్థమూ చెడదు, తలవైపు ఇద్దరు, కాళ్లవైపు ఇద్దరు, కుడి ఎడమల ఇద్దరేసి, కప్పేందుకు, లేపేందుకు, స్వర్గం చూపేందుకు ఇద్దరేసి అని పాటే జంటలుగా లెక్కపెడుతుంది.

తెరవెనక:
భేష్! స్టేజీ లెక్కా జంటలదే. పిల్లలు హడావిడిగా రెండు నిమిషాల్లో దిగేసి, మిగతా సంగీతమంతా దిక్కులు చూస్తూ నిలబడటం మామూలు తప్పు. 5 నిమిషాల్లో 7 జంటలు, జంటకు 30 సెకన్లు ఇస్తే 210 సెకన్లు. మిగిలిన నిమిషన్నర, పిల్లలకు గంటన్నరలా అనిపించినా, కదలకుండా నిలబడటానికి.

ముందువరుస:
పియానో మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పెద్దావిడకు నిక్కరు తొడిగితే పిల్లలు నవ్వరా?

కొమ్ముబూర:
మనమా ఆ మాట అనేది? సత్యభామగా స్థానం నరసింహారావు గారిని చూసి మురిసిపోయినవాళ్లం. గొంతు కుదిరితే ఒళ్లు ఎవరిదన్నది ఐదు నిమిషాల్లో మరిచిపోతారు. నాకు ఇబ్బంది మంత్రగత్తె దగ్గర. రాసింది మెజ్జో సొప్రానోకి, కానీ టెనర్‌తో (పైస్థాయి మగగొంతుతో) పాడించడం అలవాటైపోయింది. 1969 రికార్డింగులో పీటర్ ష్రయర్, 2007లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో ఫిలిప్ లాంగ్రిడ్జ్ అలాగే పాడారు. నవ్వు పండుతుంది, నిజమే. కానీ రాగం ఒక స్థాయి కిందికి దిగి, పిల్లల గొంతులకు మరీ దగ్గరగా ఉండి భయపెట్టే ఆ తియ్యదనం పోతుంది.

పల్లవిచరణం:
అమ్మ, మంత్రగత్తె ఒకరే చేస్తే?

తెరవెనక:
అది ఇంకా తప్పండీ. గ్రిమ్ కథలో పిల్లల్ని అడవిలో వదిలెయ్యమనేది తల్లే, తర్వాతి ముద్రణల్లో సవతి తల్లి అయింది. వెట్టె ఆ పాపమంతా కడిగేసింది. ఇక్కడ అమ్మ కోపంలో పాలకుండ తనే పగలగొట్టుకుని, పిల్లల్ని స్ట్రాబెర్రీలకు తరిమి, తర్వాత భయపడి వెతుక్కుంటూ పోతుంది. ఆమెకే ముక్కు తగిలించి మంత్రగత్తెను చేస్తే ఆవిడ రాసింది కొట్టేసినట్టే. పైగా పొయ్యిలో పడ్డ కొద్ది నిమిషాలకే అమ్మ నాన్నతో కలిసి రావాలి. అంటించిన ముక్కు, రంగు, మెత్తలు కుట్టిన గౌను ఊడదీయడానికి ఇద్దరు మనుషులు పొయ్యి వెనకే కాచుకుని ఉండాలి. జిప్ వద్దు, వెల్క్రో పెట్టించండి.