విమాన ఇంధన ప్లాంటుకు మా దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ: ఆ ‘ఇతర’ ఏమిటో తేలకుండా సరే అనొచ్చా?

శంషాబాద్ శివారు

అందరికీ నమస్కారం. అవుటర్ రింగ్ రోడ్డు దాటాక మా ఊరి శివారులో విమానాలకు వాడే ఇంధనం తయారు చేస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. ముడిచమురు నుంచి కాదు, వాడేసిన నూనెలాంటి వాటి నుంచి. పేపర్లలో సుస్థిర విమాన ఇంధనం అని, ఎస్‌ఏఎఫ్ అని రాస్తున్నారే, అదే. వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. ఊళ్లో అప్పుడే రెండు జట్లయ్యాయి. ఒకరు ఉద్యోగాలంటారు, ఇంకొకరు పొగంటారు. కాగితం చదివినవాళ్లు మాత్రం నాకు రెండు జట్లలోనూ కనబడలేదు.

నేను పంచాయతీ ఆఫీసుకెళ్లి తెలుగు సారాంశం అడిగాను. కార్యదర్శి గారు బీరువాలోంచి తీసిచ్చి, అక్కడే కూర్చుని చదువుకోమన్నారు. ఫోన్లో ఫొటోలు తీసుకోనిచ్చారు. నాలుగో పేజీలో ముడిసరుకు గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: “వాడిన వంటనూనె, వ్యవసాయ వ్యర్థాలు మరియు ఇతర అనువైన జీవ పదార్థములు.”

నా బాధంతా ఆ ‘ఇతర’ దగ్గరే. వాడిన నూనె అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ రేపు ఆ మాట చాటున మక్కలు, నూకలు తెచ్చి, ముందు ఇథనాల్ తీసి, దాన్నుంచి విమాన ఇంధనం చేస్తామంటే? అది వేరే ఫ్యాక్టరీ అవుతుంది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డెక్కింది ఇథనాల్ ఫ్యాక్టరీ మాకొద్దనే. గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో గొడవైందీ దానిమీదే. మా దగ్గర కూడా పరిస్థితి అక్కడిదాకా పోకముందే మాట్లాడుకుందామని ఇక్కడ పెడుతున్నాను. షరతులు రాయించి ఒప్పుకోవాలని నా ఉద్దేశం. మీరేమంటారు?

పటాన్‌చెరు పాతకాపు

తమ్ముడూ, ఒప్పుకోవద్దు. షరతులు మేమూ విన్నాం.

నేను నక్కవాగు పక్కన పుట్టి పెరిగినవాణ్ని. చిన్నప్పుడు అందులో చేపలు పట్టాను. నేను పదో తరగతికి వచ్చేసరికి వాగు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు టీ డికాక్షన్‌లా పారేది. బర్రెలు వాసన చూసి ముట్టకుండా వెనక్కి వచ్చేవి. మా నాయనకు వాగు కింద మూడెకరాల వరి. గింజ పాలు పోసుకునే వేళకు తాలు తేలిపోయేది. అందరికంటే ముందు ఆ మూడెకరాల్లోనే మాకు తెలిసింది. ఫ్యాక్టరీలు వాగులోకి వదిలే వ్యర్థాల మీద కేసు సుప్రీంకోర్టుకు 1990లో వెళ్లింది. ఉమ్మడి శుద్ధి ప్లాంటు వచ్చింది, కమిటీలు వచ్చాయి. వాగు మాత్రం తిరిగి రాలేదు. అప్పుడు మాకు కూడా మొదట చెప్పింది ఉద్యోగాల సంగతే.

ఇంకోటి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా పోయారు. ఎక్కువమంది బయటి రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. మీ కాగితంలో ప్రమాదం గురించి ఎన్ని పేజీలున్నాయో చూడు.

ఎయిర్‌పోర్టు నైట్ షిఫ్ట్

పాతకాపు అన్న బాధ నాకు అర్థమవుతుంది. కానీ పటాన్‌చెరులో పెట్టినవి మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు. రెండింటినీ ఒకే గాటన కట్టేయడం సరికాదు.

నేను విమానాశ్రయంలో పనిచేస్తాను. ఈ ఇంధనం ఇక తప్పేది కాదు. అంతర్జాతీయ విమానాల కాలుష్యానికి లెక్క కట్టే ‘కోర్సియా’ పద్ధతి మన దేశానికి 2027 నుంచి తప్పనిసరి అవుతుంది. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027లో 1 శాతం, 2028లో 2 శాతం, 2030లో 5 శాతం ఇది కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. పానిపట్ రిఫైనరీకి వాడిన వంటనూనెతో దీన్ని చేయడానికి 2025లో సర్టిఫికెట్ కూడా వచ్చింది. మనం వద్దంటే ప్లాంటు ఇంకో రాష్ట్రానికి పోతుంది. ఇంధనం ట్యాంకర్లలో మళ్లీ ఇక్కడికే వస్తుంది. మన పిల్లలకు ఉద్యోగాలు మాత్రం రావు.

మల్లేపల్లి మాట

అసలు విమానం ఎక్కేదెవరు, పొగ పీల్చేదెవరు? ఉన్నోళ్ల ప్రయాణాలకు ఊరోళ్లు ఎందుకు నీళ్లివ్వాలి?

ఎయిర్‌పోర్టు నైట్ షిఫ్ట్

అన్నా, ఒకసారి తెల్లవారుజామున మూడింటికి శంషాబాద్ వచ్చి చూడండి. దుబాయ్, మస్కట్ విమానాల లైన్లో నిలబడేది జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లే. చేతిలో పచ్చడి డబ్బా, పాస్‌పోర్టు పెట్టిన ప్లాస్టిక్ కవరు, పక్కన ఏడుస్తున్న చెల్లెలు. మా బావ అట్లా పోయి పదకొండేళ్లయింది. విమానం ఉన్నోళ్లది మాత్రమే అనకండి.

తార్నాక కెమిస్ట్

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ శంషాబాద్ శివారు గారు పట్టుకున్న మాటే అసలు ప్రశ్న. కొంచెం వివరంగా చెబుతాను.

ఈ ఇంధనం చేయడానికి చాలా దారులున్నాయి. ఏ దారిలో చేసినా చివరకు వచ్చేది ఇప్పుడు విమానాల్లో పోసే మామూలు ఇంధనం (ఏటీఎఫ్) లాంటి హైడ్రోకార్బన్ ద్రవమే. దాన్ని మామూలు ఇంధనంలో దారిని బట్టి గరిష్ఠంగా 50 శాతం దాకా కలిపి వాడొచ్చు, ఇంజిన్ మార్చక్కర్లేదు. దారుల మధ్య తేడా మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత.

నూనె దారిలో వాడిన నూనెను శుభ్రం చేసి, ఎక్కువ ఒత్తిడిలో హైడ్రోజన్‌తో కలిపి అందులోని ఆక్సిజన్ తీసేస్తారు. తర్వాత అందులోని పొడవాటి కార్బన్ గొలుసులను విమానానికి సరిపడేలా విరుస్తారు, మలుస్తారు. ఇథనాల్ దారిలో ముందు మక్కలనో నూకలనో పులియబెట్టి ఇథనాల్ తీయాలి. ఒక టన్ను మక్కలకు సుమారు 380 లీటర్లు వస్తుంది. తర్వాత దానిలోంచి నీటి అణువును తీసేసి ఇథిలీన్ వాయువు చేసి, దాని అణువులను గొలుసులుగా కట్టాలి. 46 కిలోల ఇథనాల్‌లో 18 కిలోలు నీరుగా పోతుంది, మిగిలేది 28. అంటే ధాన్యం, నీళ్లు, బాయిలర్ ఆవిరి అన్నీ ఖర్చుపెట్టి తీసిన ఇథనాల్‌లో బరువు లెక్కన పదిలో నాలుగు వంతులు అక్కడే పోతాయి.

ఇప్పుడు కోర్సియా లెక్కలే చూడండి. మామూలు విమాన ఇంధనం ఒక మెగాజౌల్ శక్తికి 89 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కాలుష్యం అని లెక్క. వాడిన వంటనూనె నుంచి చేస్తే అది 13.9 గ్రాములే. అదే అమెరికా మొక్కజొన్న ఇథనాల్ నుంచి చేస్తే, సాగు కోసం భూమి మారడం వల్ల వచ్చే కాలుష్యం కూడా కలిపి సుమారు 90. మామూలు ఇంధనం కంటే ఏమాత్రం మేలు కాదు. అవి అమెరికా పంట లెక్కలే అయినా విషయం తెలుస్తుంది. ఒకే పేరు, ఒకే విమానం. ఒకటి నిజంగా మేలు, ఇంకొకటి పేరుకే మేలు.

కాబట్టి ‘ఇతర’ అన్న మాటను వదలొద్దు. పాతకాపు గారన్న ప్రమాదం విషయంలో కూడా ఒకటి అడగండి. హైడ్రోజన్ ఎక్కడ తయారవుతుంది, ఎంత నిల్వ ఉంటుంది, ఇళ్లకు ఎంత దూరం? హైడ్రోజన్ మంట పగటిపూట కంటికి సరిగ్గా కనబడదు. ఊరివాళ్లకు, మండల ఫైర్ స్టేషన్‌కు శిక్షణ ఎవరిస్తారో కాగితంలో ఉండాలి.

చిక్కడపల్లి టిఫిన్స్

వాడిన నూనె సంగతి నన్ను చెప్పనివ్వండి. పదిహేనేళ్లుగా హోటల్ నడుపుతున్నా.

పొద్దున పూరీలకు పోసిన నూనె సాయంత్రం మిర్చీ బజ్జీకి వచ్చేసరికి రంగు మారుతుంది. మూకుడు అంచున జిగురు కడుతుంది, నురగ తగ్గదు. అప్పుడు నేను తీసి డబ్బాలో పోస్తాను. రాత్రి పదిన్నరకు ఒకతను మోపెడ్ మీద రెండు క్యాన్లు కట్టుకుని వస్తాడు. చాలా ఏళ్లు ఆ నూనె ఎక్కడికి పోతుందో నేను అడగలేదు. ఒకరోజు అడిగితే “బండ్లవాళ్లు తీసుకుంటారన్నా” అన్నాడు. అంటే నేను వద్దనుకున్న నూనెలో ఇంకెవరి పిల్లలకో పకోడీలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2018 నుంచి ఆహార భద్రత సంస్థ నిబంధన ఉంది, నూనెలో చెడు పదార్థం 25 శాతం దాటితే వాడకూడదని. అలాంటి నూనెను ఇంధనానికి మళ్లించే పథకం కూడా అప్పుడే పెట్టారు. ఇప్పుడు నేను రసీదు ఇచ్చేవాళ్లకే పోస్తున్నా.

ఈ ప్లాంటు మంచి రేటు ఇచ్చి హైదరాబాద్ హోటళ్ల నూనెంతా కొంటే, ఇంధనం సంగతి అటుంచండి, ఊరి ఆరోగ్యానికే ఎంతో మేలు. నేను మద్దతు.

తార్నాక కెమిస్ట్

మీరు చెప్పింది చాలా విలువైన మాట. ఒక్క జాగ్రత్త. వాడిన నూనెకు ధర పెరిగితే కొత్త పామాయిల్‌నే ‘వాడినది’ అని అమ్మే ఆశ పుడుతుంది. ఇలాంటి మోసంపై యూరప్‌లో ఇప్పటికే అనుమానాలు ఉన్నాయి. ప్రతి డబ్బా ఏ హోటల్ నుంచి వచ్చిందో లెక్క ఉండాలి, అది బయటివాళ్లు చూసేలా ఉండాలి.

వికారాబాద్ రైతు

మా మామ జట్రోఫా (అడవి ఆముదం) వేసినప్పటి సంగతి గుర్తొచ్చింది. బీడు భూమిలో నీళ్లు లేకుండా పండుతుంది, డీజిల్ అవుతుంది అన్నారు. రెండెకరాల్లో వేశాడు. నీళ్లు పెట్టకపోతే చెట్టు బతికింది, కాయ మాత్రం కాయలేదు. కాసిన కాస్త కొనేవాడు లేడు. 2018లో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి జట్రోఫా ఇంధనం కలిపి విమానం నడిపారని టీవీలో చూసి, “మన చెట్టు ఎగిరిందిరా” అన్నాడు. అప్పటికే తోట పీకేసి పత్తి వేశాం. ‘వ్యవసాయ వ్యర్థాలు’ కొంటామంటే ఏ వ్యర్థం, టన్నుకు ఎంత, ఎన్నేళ్ల ఒప్పందం అని కూడా అడగండి. వరిగడ్డి పశువులకు మేత. మాకు అది వ్యర్థం కాదు.

కందుకూరు అక్క

నేను ఒక ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడాను. ఏదో, ఎక్కడో చెప్పను. ముందు వరుసల్లో మా ఊరివాళ్లు కాని మొహాలు కూర్చున్నాయి. చప్పట్లు వాళ్లవే. నేను మైకు పట్టుకుని రెండో మాట అనేలోపే “టైం అయిపోయిందమ్మా” అన్నారు. అందుకే నాకు తెలిసింది మీకు చెబుతున్నా.

పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్‌కు తగ్గని అధికారి గానీ కూర్చోవాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఎవరేమన్నారో తెలుగులో చదివి వినిపించాలి. దానికి కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క లేదు, అది ఓటింగ్ కూడా కాదు. ఎంతమంది చేతులెత్తారన్నది కాదు, ఏం రాసుకున్నారన్నదే లెక్క. అందుకే నోటితో చెప్పి ఊరుకోకండి. రాసిచ్చి, నకలు మీద సంతకం, ముద్ర తీసుకోండి. చదివి వినిపించేదాకా కుర్చీల్లోంచి లేవకండి. మా ఊరివాళ్లు భోజనాలకు లేచారు. మేం తిరిగొచ్చేసరికి చదవడం అయిపోయింది.

ఇంకో సంగతి. పెట్రోల్‌లో కలిపే ధాన్యం ఇథనాల్ ప్లాంట్లకు ఈ సేకరణ లేకుండానే అనుమతి ఇచ్చేలా కేంద్రం 2021 జూన్‌లో వెసులుబాటు ఇచ్చింది. మీ దగ్గర సేకరణ పెడుతున్నారంటే అది మీకు దొరికిన అవకాశం. ఒకసారి అనుమతి వచ్చాక మార్పు కావాలని కంపెనీ అడిగితే, మళ్లీ జనం దగ్గరికి రావాలా వద్దా అన్నది నిపుణుల కమిటీ చేతిలో ఉంటుంది. అంటే ఆ ‘ఇతర’ను అడ్డుకునే రోజు ఇదొక్కటే.

శంషాబాద్ శివారు

అక్కా, చాలా థాంక్స్. నిన్న రాత్రి ఇవన్నీ మా ఇంటి అరుగు మీద నలుగురం కూర్చుని చదివాం. తార్నాక గారి 89, 13.9, 90 లెక్క గోడ మీద సుద్దతో రాశాను. మా నాయన దాన్ని చూసి, “అంటే పేరు ఒకటే, సరుకు వేరన్నమాట” అన్నాడు. ఊళ్లో చెప్పడానికి నాకు అంతకంటే మంచి మాట దొరకలేదు.

అర్జీ ఇలా రాస్తున్నాం. ముడిసరుకు జాబితాలో ‘ఇతర’ తీసేయాలి. ధాన్యం గానీ, తినే కొత్త నూనె గానీ వాడబోమని కంపెనీ రాసివ్వాలి, దాన్ని అనుమతిలో షరతుగా పెట్టాలి. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారో, రోజుకు ఎన్ని కిలోలీటర్లో చెప్పాలి. బోరు వేస్తామంటే మాత్రం మేం ఒప్పుకోం, మా దగ్గర ఎండాకాలం తాగడానికే ట్యాంకర్. మా పక్క ఊళ్లు హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ చెరువులను కాపాడడానికి 1996లో ఇచ్చిన 111 జీవోలోని 84 గ్రామాల్లో ఉన్నాయి కాబట్టి ఈ సర్వే నంబర్ల నీళ్లు హిమాయత్‌సాగర్ వైపు పారతాయా లేదా మ్యాపుతో చూపించాలి. వ్యర్థాల శుద్ధి లెక్కలు, నూనె ఎక్కడి నుంచి వచ్చిందన్న లెక్కలు నెలనెలా పంచాయతీ గోడకు అంటించాలి. ఇవన్నీ ఒప్పుకుంటే మద్దతిస్తాం. ‘ఇతర’ ఉంచుతామంటే వ్యతిరేకిస్తాం. ఈ మాట కూడా రాశాం.

పాతకాపు అన్నా, ఇప్పుడైనా ఒప్పుకుంటారా?

పటాన్‌చెరు పాతకాపు

లేదు తమ్ముడూ, నా చేతైతే నేను సంతకం పెట్టను. నేను చూసింది నన్ను పెట్టనివ్వదు. నీ అర్జీ మాత్రం మా రోజుల్లో ఎవరూ రాయలేదు.

ఒక పని చెయ్. సేకరణ జరిగేలోపే మీ ఊరి బోర్లు, బావులు, కుంట నీళ్లు సీసాల్లో పట్టి ల్యాబ్‌లో పరీక్ష చేయించు. తారీఖుతో, ముద్రతో రిపోర్టు తీసుకో. కోర్టులో మమ్మల్ని “ముందు మీ నీళ్లు బాగున్నాయని ఆధారమేది” అని అడిగారు. చేపలు పట్టినవాణ్ని నేనున్నా, కాగితం లేదు.

శంషాబాద్ శివారు

రేపు పొద్దున్నే పట్టిస్తా అన్నా. ఎన్ని సీసాలు, ఏమేం పరీక్ష చేయించాలి? తార్నాక గారూ, జాబితా ఇవ్వగలరా?

తార్నాక కెమిస్ట్

ఈ రాత్రికే పెడతాను. ప్రతి బోరుకు రెండు సీసాలు పట్టండి, మూతి దాకా నింపండి. బోరు ఆన్ చేసి పది నిమిషాలు వదిలాకే పట్టండి. సీసా మీద ఎవరి పొలమో, ఎన్ని గంటలకో రాయడం మర్చిపోకండి.