చేరి మూడు వారాలు కాలేదు, యాత్రకి సెలవు అడగొచ్చా?

పులివేషం:
మాది బరంపురం. మార్చి మధ్యలో రాయగడలో ఒక ఫ్యాక్టరీ స్టోర్లో చేరాను. ఆరు నెలలు ప్రొబేషన్. మా ఊళ్లో ఠాకురాణి యాత్ర నడుస్తోంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి అమ్మవారు దేశిబెహరా వీధిలోని పుట్టింటికి వస్తుంది, దాదాపు నెల రోజులు జాతర. చిన్నప్పుడు నాకు కామెర్లు వస్తే, తగ్గితే పులివేషం కట్టిస్తానని అమ్మ మొక్కుకుంది. పోయిన యాత్రకి పరీక్షలు అడ్డొచ్చాయి. ఈసారీ తప్పితే ఇంకో రెండేళ్లు, అమ్మ ఊరుకోదు. శని, సోమ, మంగళ కావాలి, మధ్యలో ఆదివారం ఎలాగూ సెలవే. స్టోర్లో ఇద్దరమే ఉంటాం. సార్ ఒడియావారు, మంచివారే, మాటలు తక్కువ. అడగనా, మానుకోనా?

గుణుపూర్ బాబాయ్:
మానుకో. యాత్ర ఎప్పుడో ఇంటర్వ్యూ నాటికే నీకు తెలుసు కదా? అప్పుడే చెప్పాల్సింది. చెప్పకుండా చేరి, మూడు వారాలకి చేయి చాచితే ఎవరికైనా కాలుతుంది. మా రోజుల్లో ఏడాది తిరక్కుండా పెళ్లికి కూడా అడిగేవాళ్లం కాదు.

సిల్క్ వీధి:
బాబాయ్, మీ రోజుల్లో ఉద్యోగం చేరితే రిటైరయ్యేదాకా ఉండేవారు. ఇప్పుడు ఆరు నెలల తర్వాత ఉంచుతారో లేదో వాళ్లకే తెలీదు. ఇంటర్వ్యూలో సెలవుల మాటెత్తితే ఉద్యోగమే రాదు.

గుణుపూర్ బాబాయ్:
వస్తుంది. రాకపోతే అలాంటి చోట చేరకపోవడమే మంచిది.

దొంగ జ్వరం:
ఇంత చర్చ దేనికి? శనివారం పొద్దున్నే ఫోన్ చేసి జ్వరం అను. అయిపోయింది.

పర్లాకిమిడి అక్క:
పులివేషం కట్టి జ్వరమంటావా! మా తమ్ముడు కట్టాడు, చెవుల వెనక పసుపు రంగు నాలుగు రోజులు వదల్లేదు. కొబ్బరినూనె, సబ్బు, మళ్లీ కొబ్బరినూనె. మంగళవారం రాత్రి బస్సెక్కి బుధవారం డ్యూటీకి వెళ్తే సార్ కంటికి మొదట కనపడేది ఆ పసుపే. అదీగాక ఊరంతా ఫోన్లలో వీడియోలు తీస్తారు. ఆ సలహా పక్కన పెట్టు తమ్ముడూ.

లెక్కల మనిషి:
హక్కుల సంగతి చూద్దాం. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే, మరుసటి ఏడాది ప్రతి 20 రోజుల పనికీ ఒక జీతపు సెలవు వచ్చేది. మధ్యలో చేరినవాళ్లు ఆ ఏడాది మిగిలిన రోజుల్లో మూడింట రెండు వంతులు పనిచేయాల్సి ఉండేది. దాని బదులు 2025 నవంబర్లో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో 240 కాస్తా 180 అయింది. ఏ లెక్కన చూసినా మూడు వారాలకి నీ ఖాతాలో సున్నా. మరి మార్చి ఆఖర్లో స్టాక్ లెక్కలప్పుడు ఆదివారాలు పనిచేయించారా?

పులివేషం:
రెండు ఆదివారాలు చేశాను అన్నా.

లెక్కల మనిషి:
వాటికి బదులు వేరే రోజు సెలవు ఇచ్చారా? ఇవ్వకపోతే ఆ రెండూ నీకు రావాల్సినవే. వారపు సెలవు పోతే అదే నెలలోనో, తర్వాతి రెండు నెలల్లోనో బదులు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. సోమ, మంగళ అవే అనుకో. ఇక అడగాల్సింది శనివారం ఒక్కటే, దానికి జీతం కోత పడినా పడనీ. చట్టం నంబర్లు మాత్రం సార్ ముందు చదవకు. "ఆ రెండు ఆదివారాలకి బదులు ఇప్పిస్తారా" అని అడిగితే చాలు.

షిఫ్ట్ ఇంచార్జి:
పదకొండేళ్లుగా సెలవు కాగితాల మీద సంతకాలు పెడుతున్నాను. ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. స్టోర్లో ఇద్దరే అన్నావు. నువ్వు వెళ్తే ఇండెంట్లు (సరుకు కావాలని రాసే కాగితాలు) రాసేదెవరు, లారీ వస్తే దింపుడు దగ్గర నిలబడేదెవరు? ఆ రెండోవాడు. అంటే సెలవిచ్చేది నిజానికి అతనే, సార్ సంతకం పెడతారంతే. నా దగ్గరికి "సార్, సెలవు కావాలి" అని వచ్చేవాడికి ఆలోచిస్తానంటాను. "ఆ మూడు రోజులు ఫలానావాడు చూసుకుంటానన్నాడు" అని వచ్చేవాడికి అప్పుడే రాసిచ్చేస్తాను. కొత్తవాడా పాతవాడా అని చూడను. ముందు అతన్ని అడుగు.

సిల్క్ వీధి:
సార్‌కి చెప్పకుండా వాళ్లిద్దరూ ముందే మాట్లాడేసుకుంటే ఆయనకి కోపం రాదా? మా ఆఫీసులో ఒకతను ఇలాగే చేస్తే, "అన్నీ మీరే తేల్చుకున్నాక నేనెందుకు" అని మా మేనేజరు కాగితం విసిరేశారు.

షిఫ్ట్ ఇంచార్జి:
తేల్చుకోమనలేదు. "మీరు సరేనంటే అతను చూసుకుంటానన్నాడు" అనాలి. సరేననే మాట ఆయన నోట రావాలి.

పర్లాకిమిడి అక్క:
మొక్కు సంగతి కూడా దాచకు. "ఇంట్లో పని" అంటే ఆయన లక్ష అనుకుంటారు. గంజాం, గజపతి జిల్లాల్లో ఠాకురాణి పేరు తెలియని ఒడియావారుండరు. వచ్చిన ఒడియాలోనే చెప్పు, "ఆగ్యా, ఛుటి దరకార్" (సార్, సెలవు కావాలి) అని అక్కడితో ఆగిపోకు.

పులివేషం:
అడిగాను. ముందు మా స్టోర్ అతన్ని. జూన్‌లో రజ పండగకి మూడు రోజులూ తను ఊరెళ్తానని, అప్పుడు నేనొక్కణ్ణే ఉండాలని షరతు పెట్టాడు. సరేనన్నాను. తర్వాత సార్ దగ్గరికి వెళ్లాను. ఆదివారాల సంగతి ఎత్తగానే రిజిస్టరు తెప్పించి చూశారు. సోమ, మంగళ ఇచ్చారు. శనివారం పన్నెండింటిదాకా ఉండి వెళ్లమన్నారు, లారీ ఒకటి రావాలి. లేచి వస్తుంటే "మొత్తం ఒళ్లా, మొహం ఒక్కటేనా?" అని అడిగారు. మొత్తం అన్నాను. తల ఊపి మళ్లీ ఫైల్లోకి వంగారు.

గుణుపూర్ బాబాయ్:
ఇంటర్వ్యూ రోజే చెప్పి ఉంటే శనివారం కూడా పూర్తిగా వచ్చేది. నా మాట నాదే.

పులివేషం:
ఒప్పుకుంటాను బాబాయ్. పర్లాకిమిడి అక్కా, కొబ్బరినూనె ముందే రాసుకుంటే రంగు పట్టకుండా ఉంటుందా?

పర్లాకిమిడి అక్క:
అప్పుడసలు వేషమే నిలవదు. తర్వాతే రాసుకో.