గాలికొండ దగ్గర ఘాట్ రోడ్డు మీద సాయంత్రం నడవొచ్చా?

అరకు ఘాట్ బాగా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. డిసెంబరు చివర్లో గాలికొండ వ్యూపాయింట్ నుంచి అనంతగిరి వైపు ఓ కిలోమీటరు నడిచి రావాలని. అప్పుడు పొద్దు ఐదున్నరకల్లా గుంకుతుంది, పడమట కొండ అడ్డొస్తే ఇంకా ముందే, అరగంటలో చిమ్మచీకటి. అందుకే నాలుగున్నరకే బయల్దేరతాం.

ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడిపక్కనే నడక. రోడ్డు కుడికి మెలి తిరిగే చోట మాత్రం లోపలి అంచున ఉన్న మనిషి డ్రైవరుకు ఆఖరి క్షణం దాకా కనబడడు, కాబట్టి మలుపుకు ముందే ఎడమకు దాటాలి. మెరిసే జాకెట్లు, టార్చీలు ఉన్నాయి. (పొగమంచులో టార్చి నేలకు వంచి పట్టాలి, ఎదురుగా వేస్తే వెలుగు మన కళ్లల్లోకే కొడుతుంది.)

తెలియాల్సింది ఇదీ: అక్కడ తారుకీ పిట్టగోడకీ మధ్య మనిషి నిలబడే జాగా ఉందా? మంచు ఎన్నింటికి దిగుతోంది? కారు ఎక్కడ ఆపాలి?