43 ఏళ్ళకి గుర్రంతో మళ్ళీ ఓనమాలు. ఎవరైనా చేశారా?

చేవెళ్ళరోడ్_సవారి

నమస్తే అందరికీ. కాస్త పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

నాకు 43. ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు ఆఫీసు ఫ్రెండ్స్‌తో సరదాగా రైడింగ్ క్లాసులకి వెళ్తే ఆ పిచ్చి అంటుకుని మూడేళ్ళ క్రితం సొంత గుర్రం దాకా వచ్చింది. రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ (పందేల జాతి), గెల్డింగ్ (విత్తులు తీయించిన మగ గుర్రం), ఇప్పుడు తొమ్మిదేళ్ళు. మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌లో ఉంటుంది. రోజూ చూసుకునేది చాచా, ముప్పై ఏళ్ళుగా గుర్రాల దగ్గరే ఉన్న సైస్. నేను వారానికి మూడు నాలుగు రోజులు పొద్దున్నే వెళ్ళి గంటసేపు ఉండి ఆఫీసుకి పరిగెడతాను.

సమస్య ఏంటంటే ఎక్కేటప్పుడు నిలబడదు. రికాబులో కాలు పెట్టడం ఆలస్యం, కదిలిపోతుంది. పగ్గాలు లాగితే ఆగాల్సింది పోయి తల ముందుకి తోసి ఇంకా స్పీడందుకుంటుంది. పోయిన నెల ఒక కాలు రికాబులో, ఒక కాలు నేల మీద, అలా గెంతుకుంటూ ఇరవై అడుగులు పోయి పడ్డాను. దెబ్బ పెద్దగా తగల్లేదు, పరువు మాత్రం పోయింది.

నేను నేర్చుకున్న పద్ధతి మీకందరికీ తెలిసిందే. మడమతో తన్ను, వినకపోతే కర్ర చూపించు, ఏం జరిగినా దాన్ని గెలవనివ్వకు. ఇప్పుడు కొత్త కోచ్ వచ్చి నెల రోజులు అసలు ఎక్కొద్దు అన్నారు. కింద నిలబడి, తాడుతో చిన్నగా అడగాలి, అది కొంచెం ప్రయత్నించగానే వెంటనే వదలాలి. మొదటి రోజు నలభై నిమిషాలు చేసిన పని ఒక్క అడుగు వెనక్కి వేయించడం! చెమటలు పట్టింది నాకే, గుర్రానికి కాదు. ఇంతకుముందు పావుగంట లాంజింగ్ చేసి (అంటే పొడవాటి తాడు పట్టుకుని గుర్రాన్ని చుట్టూ తిప్పడం, దీన్ని తెలుగులో ఎలా రాసినా ఇబ్బందే) ఎక్కేసేదాన్ని.

చాచా చూసి నవ్వాడు. "మేడమ్, ఇత్నే ప్యార్ సే బిగడ్ జాయేగా" అన్నాడు, ఇంత ముద్దు చేస్తే చెడిపోతుందని. మా ఆయనేమో మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. గుర్రం గురించి అన్నారో నా గురించి అన్నారో అడగలేదు.

ఈ వయసులో పాత అలవాట్లు నిజంగా పోతాయా? యూట్యూబ్ తెరిస్తే ఒకరు క్యారెట్ పెట్టమంటారు, ఇంకొకరు అస్సలు పెట్టొద్దంటారు, ఒకరు గుండ్రంగా తరమమంటారు. బుర్ర తిరిగిపోతోంది.

గుగ్గిళ్ళబస్తా

ఆ వీడియోల వాళ్ళందరూ చివరికి తాడో కర్రో అమ్ముతారు, గమనించండి. గుర్రం ఏ వీడియో చూడలేదు. అదే మంచి కళ్ళెం మార్చితే వారంలో ఆగుతుంది.

పాతడాక్టరు

పై మాట పట్టించుకోకండమ్మా. ఆగట్లేదని ఇంకా గట్టి కళ్ళెం వేసుకుంటూ పోయినవాళ్ళు చివరికి ముళ్ళ కళ్ళెం దాకా వెళ్తారు, పెళ్ళి గుర్రాల నోళ్ళలో నేను చూసినవి తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. బరువులు మోసే, బండ్లు లాగే జంతువులకి ముళ్ళున్న కళ్ళెం వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. మీరు అంత దూరం వెళ్ళరు, కానీ దారి అదే.

నేను రిటైరైన పశువైద్యుణ్ణి. పద్ధతి పాతదా కొత్తదా అనే ముందు నొప్పి ఉందేమో చూడాలి. గుర్రం పై దవడ కింది దవడ కంటే వెడల్పు, పళ్ళు జీవితాంతం పైకి వస్తూనే ఉంటాయి. అందుకని పై దంతాల బయటి అంచులు, కింది దంతాల లోపలి అంచులు కత్తిలా తయారై బుగ్గని, నాలుకని కోస్తాయి. దాని మీద మీరు పగ్గాలు లాగితే తల తోయక ఏం చేస్తుంది? చివరిసారి పళ్ళ అంచులు ఎప్పుడు ఆకురాయితో రాయించారు?

తర్వాత జీను. రేసుల నుంచి బయటికొచ్చిన గుర్రం వీపు ఏడాది రెండేళ్ళలో ఆకారమే మారిపోతుంది. కొన్నప్పుడు సరిపోయిన జీను ఇప్పుడు భుజాల దగ్గర నొక్కుతుండొచ్చు.

మూడోది కడుపు. గుర్రం తిన్నా తినకపోయినా కడుపులో యాసిడ్ ఊరుతూనే ఉంటుంది, లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. రెండు పూటలా దాణా పెట్టి మధ్యలో ఖాళీగా కట్టేస్తే అల్సర్లు రాక మానవు. 500 కిలోల గుర్రానికి రోజుకి కనీసం 7.5 కిలోల ఎండు మేత కావాలి, దాణా లెక్క దీనికి వేరు. ఎక్కే ముందు పావుగంట గడ్డి మేయనివ్వండి, కడుపులో యాసిడ్ ఎగజిమ్మకుండా ఆ గడ్డే అడ్డు పడుతుంది. జీను పటకా పొట్ట కింద బిగించేటప్పుడు చెవులు వెనక్కి పెట్టి కొరకబోతోందా? అయితే మీ డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

డాలస్_బావ

అక్కా, నేను 51 ఏళ్ళకి మొదలుపెట్టాను, కాబట్టి మీరు నాకంటే చిన్నపిల్లే. నాది క్వార్టర్ హార్స్ జాతి ఆడగుర్రం, ఇక్కడ టెక్సాస్‌లో. నాకూ మొదట్లో తన్నడం, లాగడమే నేర్పారు, కాకపోతే కౌబాయ్ టోపీ పెట్టి నేర్పారు, అంతే తేడా.

మీ కోచ్ చెప్పింది కొత్తదేం కాదు. అమెరికా పశ్చిమాన పశువుల రాంచుల్లో పనిచేసిన టామ్ డోరెన్స్, ఆయన శిష్యుడు రే హంట్ దగ్గర్నుంచి బాగా వ్యాపించింది. ఆ బడిలో తరచూ వినిపించే మాట ఒకటే, తప్పు పని కష్టంగా, ఒప్పు పని తేలిగ్గా ఉండేలా చూడు. వినడానికి ఎంత సులువుగా ఉందో చేతుల్లోకి రావడం అంత కష్టం. ఎందుకంటే గుర్రం నేర్చుకునేది మనం తాడు లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు. ఏం చేస్తుండగా వదిలామో అదే సరైన పని అనుకుంటుంది. రెండు సెకన్లు ఆలస్యమైతే అది ఈలోపు ఇంకేదో చేసి ఉంటుంది, మీరు దానికి మార్కులేసినట్టు. నా గుర్రానికి నేను ఆరు నెలలు శ్రద్ధగా తల ఎగరేయడం నేర్పాను ఇలాగే!

ఇంకో సంగతి. 1907లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తోందని అందరూ నమ్ముతుంటే ప్‌ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు గమనించి తేల్చిందేంటంటే, దానికి లెక్కలు రావు, జవాబు దగ్గరపడగానే అడిగేవాడి తల, ఒళ్ళు కొంచెం కదలడం చూసి గిట్ట కొట్టడం ఆపేస్తోంది. అడిగేవాడికే తెలియని కదలిక అది. మీరు ఆఫీసు టెన్షన్‌తో శ్వాస బిగపట్టి లాయంలోకి వెళ్తే అది చదివేస్తుంది.

పాత అలవాటు పోవడానికి నాకు పనికొచ్చిన చిట్కా చెప్తాను, నవ్వకండి. బావగారిని కళ్ళు మూసుకుని తాడు ఒక కొస పట్టుకోమనండి. మీరు రెండో కొస నుంచి చిన్నగా అడగండి, ఆయన అడుగు వేయాలి. తర్వాత మీరు గుర్రం అవ్వండి. వదలడం ఎంత లేటవుతోందో, అడక్కముందే ఎంత గట్టిగా పట్టుకుంటున్నారో అప్పుడు తెలుస్తుంది. మా ఇంట్లో దీని వల్ల చిన్న గొడవ కూడా అయింది.

క్యారెట్ తప్పేం కాదు, కానీ జేబు దగ్గర పెట్టొద్దు, చెయ్యి చాచి మీ నుంచి దూరంగా పెట్టండి, లేకపోతే జేబులు చింపుతుంది. గుండ్రంగా తరమడం మాత్రం నాకు నచ్చదు, హైదరాబాద్ ఎండలో అసలే వద్దు. తాడు చేతికి చుట్టుకోకండి, ఎప్పుడూ. గుర్రం ఎక్కకుండా కింద నిలబడి ఉన్నప్పుడు కూడా హెల్మెట్ పెట్టుకోండి. ఒక్క గురువుని పట్టుకుని మూడు నెలలు ఇంకేం చూడకండి.

చేవెళ్ళరోడ్_సవారి

డాక్టరు గారూ, పళ్ళు కొన్నప్పుడు చూపించడమే. సిగ్గేస్తోంది. ఈ వారమే పిలుస్తాను. బావా, మా ఆయన ఆ తాడు ఆటకి ఒప్పుకోరు, మా అమ్మాయితో చేస్తాను. కానీ నేను వారానికి నాలుగు గంటలు ఈ పద్ధతి, మిగతా టైమంతా చాచా పాత పద్ధతి అయితే లాభం ఏంటి? ఆయన లాయం నుంచి బయటికి తెస్తూనే ముక్కు మీద గొలుసు గుంజుతాడు.

మలక్‌పేట_పోరడు

అక్కా, అసలు ప్రశ్న ఇది. మీరు చివర్న అడిగారు.

మా నాయన మలక్‌పేట రేస్‌కోర్సులో సైస్. నేను పెరిగిందే లాయాల పక్కన. చాచా మీద నవ్వే ముందు (మీరు నవ్వలేదు, తెలుసు) ఒకటి ఆలోచించండి. మీ గుర్రం ఎక్కేటప్పుడు ఎందుకు నిలబడదో ఆయనకి తెలిసే ఉంటుంది, ఎవరూ అడిగి ఉండరు. రేసుకి ముందు గుర్రాన్ని ప్యాడక్ అనే ఆవరణలో తిప్పుతుంటారు కదా, అది నడుస్తుండగానే జాకీ కాలు పట్టుకుని పైకి లేపేస్తారు. నిలబడమని దానికి ఎవరూ చెప్పలేదు. పైన మనిషి కూర్చున్నాడంటే నడవాలి, అదే దాని చదువు. పగ్గాలు గట్టిగా పట్టుకుంటే కళ్ళెం మీద బరువు వేసి పరిగెత్తాలని కూడా నేర్చుకుంది. మీరు ఆగమని లాగితే దానికి పొమ్మని వినిపిస్తోంది. మొండితనం కాదక్కా, మంచి స్టూడెంటు.

ఇక ఆ గొలుసు. మా నాయన ఒక్కడే మూడు గుర్రాల్ని చూసేవాడు. తెల్లారుజామున నాలుగింటికి లేచి, కుర్ర గుర్రాన్ని జనంలోంచి, వేరే గుర్రాల మధ్యలోంచి ట్రాక్ దాకా తీసుకెళ్ళాలి. అది చేయి జారితే తిట్లు ఆయనకి, దెబ్బ తగిలితే ఖర్చూ ఆయనదే. అప్పుడు గొలుసు గుంజకుండా ఓపిగ్గా ఒక్కో అడుగు నేర్పే టైమ్ ఎవరిచ్చారు? రెండు వేళ్ళు ముందే తెగిపోయి ఉన్నాయి ఆయనకి. అయినా ఆయన దగ్గు వినిపిస్తే చాలు, గుర్రాలు సకిలించేవి.

కాబట్టి చాచాకి ఉపన్యాసం ఇవ్వకండి. "చాచా, నాకు టైమింగ్ రావట్లేదు, మీరు పక్కన నిలబడి నేను ఎప్పుడు వదలాలో చెప్పండి" అని అడగండి. గుర్రం చెవి ఎటు తిరిగింది, బరువు ఏ కాలి మీద పడింది, ఇవి ఆయనకి మన కంటే ముందు కనబడతాయి. కోచ్ ఫీజులో కొంత ఆయన చేతికి కూడా ఇవ్వండి. కొత్త పని నేర్చుకుంటున్నాడు కదా, ఊరికే ఎందుకు నేర్చుకోవాలి?

గుగ్గిళ్ళబస్తా

సరే, కళ్ళెం మాట వెనక్కి తీసుకుంటున్నా. సైస్‌కి డబ్బులివ్వమన్నది మాత్రం నూటికి నూరు పాళ్ళు కరెక్టు.

చేవెళ్ళరోడ్_సవారి

ఐదు వారాల తర్వాత వస్తున్నాను, సారీ, ఆఫీసులో రిలీజు నడిచింది.

పళ్ళు చూపించాను. ఎడమ పక్క బుగ్గ లోపల పుండు ఉంది. డాక్టరు గారు వేలు పెట్టి చూపించినప్పుడు ఏడుపొచ్చింది, మూడేళ్ళుగా దాని మీదే లాగుతున్నాను. అంచులు రాశారు, పది రోజులు నోట్లో కళ్ళెం పెట్టలేదు. మధ్యాహ్నం మేత కూడా మొదలుపెట్టాం.

చాచాని మలక్‌పేట తమ్ముడు చెప్పినట్టే అడిగాను. మొదటి రెండు రోజులు ఊరికే నిలబడ్డాడు, బీడీ కాల్చుకుంటూ. మూడో రోజు నేను తాడు పట్టుకుని అడుగుతుంటే ఉన్నట్టుండి "ఛోడో!" అని అరిచాడు. వదిలాను. గుర్రం తల దించి పెదాలు నాకింది. ఒప్పుకుందనుకుని సంబరపడ్డాను, టెన్షన్ దిగినప్పుడు కూడా అలా చేస్తుందని కోచ్ అన్నారు. సరే, అదైనా మంచిదే.

అన్నీ బాగా జరిగాయని కాదు. మూడో వారం గేటు బయట ట్రాక్టరు వస్తే అది పక్కకి గెంతింది, నేను ఆలోచించకుండా పాత పద్ధతిలో తాడు గట్టిగా గుంజాను. పదిహేనేళ్ళ అలవాటు అర సెకనులో బయటికొచ్చింది. ఆ తర్వాత రెండు రోజులు దగ్గరికి వెళ్తే తల ఎత్తేసింది.

ఇప్పుడు ఎక్కే స్టూల్ పక్కన ఎనిమిది సెకన్లు నిలబడుతోంది. కాలు రికాబులో పెట్టి, తీసేసి, మెడ నిమిరి వచ్చేస్తున్నాను. ఇంకా కూర్చోలేదు. లెక్కపెట్టేది చాచా. గొలుసు తీసి గోడకి తగిలించాడు, నేను అడగలేదు. నిన్న నేను ఫోన్ మోగితే ఒక్క క్షణం చూపు తిప్పాను, "మేడమ్, లేట్ ఛోడే ఆప్" అని చాచా కోచ్ ఎదుటే తిట్టాడు.

జీను సంగతి ఇంకా తేలలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల గుర్రం వీపు కొలిచి జీను సరిచేసేవాళ్ళు ఎవరైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి.