అమెరికాలో కౌన్సెలింగ్ మాస్టర్స్: చదువు సరే, లైసెన్సు మాటేమిటి?

ప్రశ్న (విశాఖపట్నం నుంచి):
ఎం.ఎస్సీ. సైకాలజీ పూర్తిచేసి, రెండేళ్లుగా ఒక కళాశాలలో విద్యార్థులకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. టెక్సస్‌లో క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ మాస్టర్స్‌కు ఎఫ్-1 వీసాపై వెళ్లాలని ఉంది. పట్టా చేతికి రాగానే సొంతంగా క్లయింట్లను చూడవచ్చా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (డల్లాస్ నుంచి):
చూడలేరండి. కేక్రెప్ (అక్కడ కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సులో 60 క్రెడిట్లుంటాయి. పూర్తికాలం చదివినా సాధారణంగా రెండున్నర, మూడేళ్లు పడుతుంది. అందులో ప్రాక్టికమ్, అంటే సూపర్‌వైజర్ పర్యవేక్షణలో క్లయింట్లను చూసే తొలి శిక్షణ, 100 గంటలు, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్ 600 గంటలు. వీటిలో క్లయింట్ ఎదురుగా కూర్చున్న సమయం వరుసగా కనీసం 40, 240 గంటలు ఉండాలి. పట్టా వచ్చాక టెక్సస్‌లో ఎల్‌పీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్) అసోసియేట్‌గా సూపర్‌వైజర్ కింద 3,000 గంటలు పనిచేస్తేనే పూర్తి లైసెన్సు వస్తుంది. నేనిప్పుడు ఆ దశలోనే ఉన్నాను.

గంటల లెక్క కన్నా నాకు కష్టమైంది వేరే. ప్రాక్టికమ్‌లో నా సెషన్ వీడియో చూస్తూ, క్లయింట్ మాట ఆపిన మరుక్షణమే నేను "మీ అమ్మగారితో ఒకసారి మాట్లాడి చూడండి" అన్నచోట సూపర్‌వైజర్ వీడియో ఆపి, "ఈ సలహా ఆమెకు అవసరమైందా, ఆ మౌనాన్ని భరించలేక నీకు అవసరమైందా?" అని అడిగారు. సలహా చెప్పడమే ఆప్యాయత అనుకునే ఇళ్లలో పెరిగినవాళ్లం కదా, ఆ అలవాటు మానుకోవడానికి నాకు ఒక సెమిస్టరంతా పట్టింది.

జవాబు 2 (హ్యూస్టన్ నుంచి):
పై జవాబులో వీసా సంగతి రాలేదు. ఆ 3,000 గంటలను 18 నెలలకన్నా ముందు ముగించడానికి టెక్సస్ నిబంధనలు ఒప్పుకోవు. ఎఫ్-1 వారికి చదువు తర్వాత పనిచేయడానికి దొరికే ఓపీటీ చూస్తే 12 నెలలే. ఈ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేదు కనుక, సాఫ్ట్‌వేర్ పిల్లలకు దొరికే 24 నెలల పొడిగింపు మీకు రాదు. అంటే లైసెన్సు సగంలో ఉండగానే, మీకు హెచ్-1బీ పెట్టే సంస్థ దొరకాలి. కన్సల్టెన్సీల వాళ్లు ఈ ముక్క చెప్పరు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒకవేళ మధ్యలోనే తిరిగి రావలసి వస్తే, ఆ పట్టాతో ఇక్కడ క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయవచ్చా?

జవాబు 3 (హైదరాబాద్ నుంచి):
కౌన్సెలర్‌గా పనిచేయవచ్చు, క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకోవడానికి మాత్రం వీల్లేదు. దానికి పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన క్లినికల్ సైకాలజీ చదువు, రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ లక్ష్యం అదే అయితే, అప్పు చేసి టెక్సస్ వెళ్లేముందు ఇక్కడి ప్రవేశ పరీక్షలు రాసి చూడండి.