అప్‌డేట్: వెస్ట్ ఎండ్ అవెన్యూ ఇల్లు కొన్నాం

న్యూయార్క్ అప్పర్ వెస్ట్ సైడ్‌లో 1920ల నాటి కో-ఆప్ అపార్ట్‌మెంట్ కొనవచ్చా అని ఇంతకుముందు పోస్టులో మిమ్మల్ని అడిగాను కదా, కొన్నాం. కో-ఆప్‌లో కొన్నామంటే గోడలు మావి కావు. భవన సంస్థలో వాటాలు, ఆ ఇంట్లో ఉండే హక్కు మావి. కొనేవాళ్లను ఒప్పుకోవాల్సింది ఆ సంస్థ బోర్డే. వాళ్ల ఇంటర్వ్యూ పెళ్లిచూపులకు ఏమాత్రం తీసిపోలేదు: జీతం, అప్పులు, పన్ను పత్రాలు, పరిచయస్తుల ఉత్తరాలు అన్నీ తిరగేశారు. వద్దంటే కారణం చెప్పాల్సిన పని కూడా లేదు!

వంటగదిని పడకగది వైపు జరపాలన్న మా ఆవిడ కోరిక మాత్రం తీరలేదు. కింది వాళ్ల పడకగది మీదుగా నీటి గొట్టాలు వేయకూడదని భవనం నియమం. ఆ పోస్టు కింద మీరు హెచ్చరించిన సీసం (లెడ్) కలిసిన విషపు పెయింటు కిటికీ చట్రాల్లో బయటపడింది. నగరం 1960లోనే నిషేధించినా పాత పొరలు అలాగే ఉన్నాయి. ముందు వాటి పని చూస్తున్నాం. ఇల్లు వెచ్చబెట్టే ఆవిరి రేడియేటర్ టంగుటంగుమని తెల్లవారుజామునే లేపుతోంది, దానికి అలవాటు పడ్డాం.