‘క్రస్టోస్’ లైకెన్‌ని తెలుగులో ‘పక్కు’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. ఒక మాట గురించి మీ అభిప్రాయం కావాలి.

హైస్కూలు పిల్లల కోసం ప్రకృతి పాఠాలు రాస్తున్నాను. ఈసారి పాఠం, అడవి వాగుల ఒడ్డున రాళ్లకు అంటుకుని బతికే లైకెన్ గురించి. యూరప్ వాగుల్లో బాగా కనిపించే వెర్రుకేరియా అనే ప్రజాతిని తీసుకున్నాను. లైకెన్ అంటే ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి చేసే కాపురం. 1860ల్లో స్విట్జర్లాండ్‌కు చెందిన ష్వెండెనర్ ఆ మాట గట్టిగా చెప్పేదాకా దాన్ని ఒకే మొక్క అనుకునేవారు. ఇంతవరకూ రాయడం తేలికే. ఆకారం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

లైకెన్లలో ఆకుల్లా విచ్చుకునేవి ఉన్నాయి. మసాలాల్లో వేసే రాతిపువ్వు ఆ రకమే, హైదరాబాద్‌లో పత్తర్ కా ఫూల్ అంటారు. చిన్న పొదల్లా పెరిగేవీ ఉన్నాయి. మూడోది క్రస్టోస్. ఇది రాతికి ఎంతగా అతుక్కుంటుందంటే, నమూనా కావాలంటే సుత్తీ ఉలీ పట్టుకుని రాతితో సహా చెక్కి తెచ్చుకోవాల్సిందే. దీనికి సంస్కృతం నుంచి ఒక పెద్ద సమాసం తయారు చేయొచ్చు. కానీ పిల్లవాడు ఆ మాట చదివి కళ్లు మూసుకుంటే ఏమీ కనిపించదు.

మోకాలి దెబ్బ మానేటప్పుడు పైన కట్టేదాన్ని మనం పక్కు అంటాం. క్రస్టోస్ అనే మాటకు మూలమైన లాటిన్ ‘క్రుస్తా’కు అర్థం కూడా గట్టిపడిన పైపొర. పచ్చి పక్కును గీకితే కింది తోలు కూడా లేచి వస్తుందని దెబ్బ తగిలిన ప్రతి పిల్లకీ తెలుసు. రాయికీ ఈ లైకెన్‌కీ ఉన్న సంబంధం సరిగ్గా అదే. అందుకే ‘పక్కు లైకెన్’ అందామనుకుంటున్నాను. మీరేమంటారు?

ఒక వ్యాఖ్య: పక్కు అంటే పుండు గుర్తొస్తుంది కదండీ. అందమైన ప్రాణికి రోగం పేరు ఎందుకు? ‘పెచ్చు’ అంటే సరిపోదా?

నా జవాబు: పెచ్చు గురించి నేనూ ఆలోచించానండీ. కానీ గోడ పెచ్చులూడుతోంది అంటాం. పెచ్చు ఊడిపోయేది, పక్కు పట్టుకుని ఉండేది. ఇక రోగం పేరు అంటారా, ‘లైకెన్’ అనే మాట సంగతే చూడండి. అది గ్రీకు మాట. నాకడం అనే క్రియ నుంచి వచ్చిందంటారు. పాత గ్రీకు వైద్యులు చర్మం మీద పాకే పొక్కులను కూడా ఆ పేరుతోనే పిలిచారు. ఇప్పటికీ చర్మవైద్యుల దగ్గర ‘లైకెన్ ప్లానస్’ అనే జబ్బు ఉంది. వెర్రుకేరియా పేరు కూడా అంతే. 1794లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ష్రాడర్ పెట్టిన ఆ పేరులో ఉన్నది ‘వెర్రుకా’, అంటే పులిపిరి. ఒళ్లంతా చిన్న చిన్న నల్ల బొడిపెలు ఉంటాయి కాబట్టి ఆ పేరు. రాయిని ఒక ఒంటిలా చూసి, దాని చర్మం మీద ఏముందో చెప్పడం ఆ భాషల వాళ్లకు సహజంగా వచ్చింది. మనకూ వస్తుంది. పొడ, పొలుసు, పొక్కు, పులిపిరి, పక్కు: ఇన్ని మాటలున్న భాష మనది!

మరో వ్యాఖ్య: మా ఊళ్లో రాతి మీద ఏది పట్టినా పాచి అనే అంటారు. పాచి చాలదా మేడమ్?

నా జవాబు: రోజువారీ మాటల్లో చాలు. పాఠంలో మాత్రం తేడా చెప్పాలి. పాచిని వేలితో రాస్తే వచ్చేస్తుంది. పక్కు లైకెన్ గోటికి లొంగదు. పిల్లలు వాగు దగ్గర చేసి చూడగలిగిన పరీక్ష ఇది, అందుకే నాకు ఇష్టం.

ఒక తెలుగు మాస్టారి వ్యాఖ్య: అమ్మా, పేరొక్కటే కాదు, పూర్తి వర్ణన పెట్టండి. మాట నిలబడుతుందో లేదో వాక్యంలో పెడితేనే తెలుస్తుంది.

నా జవాబు: మాస్టారూ, నిన్న రాత్రి రాసిన చిత్తుప్రతి ఇది. వాగుల్లో పెరిగే రకాల గురించి.

‘ఒళ్లు పలచని పక్కులా రాతికి పూర్తిగా అతుక్కుని ఉంటుంది. తడిసినప్పుడు పచ్చగా, కొంచెం జిగురుగా కనిపిస్తుంది. ఎండితే రంగు మందగిస్తుంది. కొన్నింటి పైభాగం నున్నగా ఉంటుంది, కొన్నింటిది వేసవిలో చెరువు అడుగులా నెర్రెలు విచ్చి ఉంటుంది. సిద్ధబీజాలు తయారయ్యే బుడ్లు ఒంట్లోకి దిగి ఉంటాయి. మెడదాకా నేలలో పాతిన కుండలా, మూతి దగ్గర సన్నని రంధ్రం మాత్రం పైకి కనిపిస్తుంది. బుడ్డి లోపల తిత్తులుంటాయి. ఒక్కో తిత్తిలో సాధారణంగా ఎనిమిది సిద్ధబీజాలు, రంగు లేనివి, మధ్యలో అడ్డుగోడ లేనివి.’

ఇందులో బుడ్డి అన్నది పెరిథీసియంకు. కొన్ని ఇతర లైకెన్లలో బుడ్డికి బదులు విప్పారిన పళ్లెంలాంటి అపోథీసియం ఉంటుంది. దాన్ని ‘ప్రమిద’ అన్నాను, అంచుతో సహా అచ్చం ప్రమిదే. అపోథీసియం అనే మాటను వాడుకలోకి తెచ్చింది లైకెన్ల శాస్త్రానికి పితామహుడనే పేరున్న స్వీడన్ వైద్యుడు అకారియస్. అది గ్రీకులో కొట్టుగదికి ఉన్న మాట. ఆయనా ఇంట్లో మాటనే పట్టుకున్నాడన్నమాట.

మాస్టారు: నెర్రెలు చాలా బాగుంది. బుడ్డీ బాగుంది. ‘రంగు మందగిస్తుంది’ తీసేసి ‘వెలిసినట్టు అవుతుంది’ అనండి.

నా జవాబు: మార్చేశాను మాస్టారూ. వెలిసినట్టు అన్నదే మన మాట.

ఒక విద్యార్థి ప్రశ్న: మేడమ్, ఎవరైనా కొత్త లైకెన్‌ని కనిపెడితే ఇలా తెలుగులోనే వర్ణించి పేరు పెట్టొచ్చా?

నా జవాబు: తెలుగులో ఎంతైనా రాయొచ్చు బాబూ. పేరు చెల్లాలంటే మాత్రం లాటిన్‌లో గానీ ఇంగ్లీషులో గానీ వర్ణన ఉండాలి. 1935 నుంచి 2011 చివరిదాకా లాటిన్ తప్పనిసరి. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లీషును కూడా ఒప్పుకున్నారు. ఇంకో సంగతి, లైకెన్‌కు పెట్టే శాస్త్రీయ నామం నిజానికి అందులోని శిలీంధ్రానిది. శైవలానికి వేరే పేరుంటుంది. కాపురం ఇద్దరిదీ, ఇంటిపేరు ఒకరిదీ!

చివరిగా నాకు ఇంకా తేలని మాట ఒకటుంది. పర్వతాల రాళ్ల మీద పటంలా కనిపించే రైజోకార్పన్ జియోగ్రాఫికమ్ అనే పసుపుపచ్చ పక్కు లైకెన్ ఉంది. చాలాచోట్ల ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. దాని చుట్టూ నల్లని అంచుగీత ఉంటుంది. రెండు పక్కులు ఎదురైతే ఆ గీత దగ్గరే ఆగుతాయి. ఆ గీతను ప్రోథాలస్ అంటారు. నేను ‘గట్టు’ అని రాశాను. పైనుంచి చూస్తే అచ్చం పొలాల మధ్య గట్టులాగే ఉంటుంది.

మాస్టారు: గట్టు ఎత్తుగా ఉంటుంది కదమ్మా. మీరు చెప్పేది చదునుగా ఉన్న గీత. ‘గిరి’ అనండి. పిల్లలు ఆటల్లో గిరి గీసి నిలబడతారు, వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

నా జవాబు: గిరి! ఇదే రాస్తాను మాస్టారూ. గట్టు కొట్టేశాను.